ఎంసీ33816: మొదటి బ్యాంక్ బాగానే నడుస్తోంది, రెండో కోర్ దగ్గర కరెంట్ ఎక్కడం లేదు

వాల్వ్‌బెంచ్ అడిగారు:

అందరికీ నమస్కారం. ఎన్‌ఎక్స్‌పీ ఎంసీ33816 గేట్ డ్రైవర్‌తో (బయటి మాస్‌ఫెట్ స్విచ్‌లను నడిపే, లోపల నాలుగు చిన్న ప్రాసెసర్ కోర్లున్న చిప్) నాలుగు సోలినాయిడ్ ఇంజెక్టర్లను బెంచ్ మీద నడుపుతున్నాను. ఒక చోట ఆగిపోయాను, సాయం కావాలి.

అమరిక ఇది. చిప్‌లో రెండు ఛానెళ్లు, ఒక్కోదానిలో రెండు కోర్లు. మొదటి ఛానెల్‌లో కోర్ 0 ఒకటో బ్యాంక్‌ను, కోర్ 1 రెండో బ్యాంక్‌ను చూస్తాయి. ఒక్కో బ్యాంక్‌లో రెండు కాయిల్స్. రెండో ఛానెల్ కోర్ 0కు 65 వోల్టుల బూస్ట్ కన్వర్టర్ పని ఇచ్చాను, కోర్ 1 ప్రస్తుతానికి ఖాళీ. కాయిల్ 0.15 మిల్లీహెన్రీ, 0.5 ఓమ్. సెన్స్ రెసిస్టర్ 10 మిల్లీఓమ్. బూస్ట్‌లో 10 ఆంపియర్ల దాకా ఎక్కించి, ఆ తర్వాత పీక్ (బ్యాటరీ వైపు గేట్‌ను ఆన్, ఆఫ్ చేస్తూ కరెంట్‌ను నిలపడం), చివరికి వాల్వ్‌ను తెరిచి ఉంచడానికి 4 ఆంపియర్ల హోల్డ్. బ్యాటరీ వైపు 12 వోల్టులు.

ఒకటో బ్యాంక్ అచ్చం అనుకున్నట్టే నడుస్తోంది. అదే కోడ్‌ను కాపీ చేసి, పిన్నుల పేర్లు మార్చి కోర్ 1కు పెట్టాను. స్టార్ట్ సిగ్నల్ ఇస్తే గేట్లలో కదలిక ఉంది, కానీ వాల్వ్ తెరుచుకోదు. స్కోప్‌లో చూస్తే బ్యాటరీ వైపు హైసైడ్ గేట్ (కాయిల్ పై కొనను సరఫరాకు కలిపే స్విచ్‌ది) మీద సూదుల్లాంటి సన్నని పల్సులు, 10 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున వస్తున్నాయి. కరెంట్ క్లాంప్‌లో దాదాపు ఏమీ లేదు. తప్పు హార్డ్‌వేర్‌లో ఉందేమోనని రెండు బ్యాంకుల కాయిల్స్ అటూ ఇటూ మార్చి చూశాను. కాయిల్స్ బాగానే ఉన్నాయి. చిప్ ఫాల్ట్ కూడా చూపించడం లేదు. ఎక్కడి నుంచి వెతకాలి?

గేట్‌వైపు జవాబు:

ముందుగా ఒక మాట. మీరు ఇచ్చిన వివరాలు చాలా పనికొచ్చేవి. ఆ 10 మైక్రోసెకన్ల సంగతి రాయకపోయి ఉంటే నేను కూడా ఊహిస్తూ కూర్చోవాల్సి వచ్చేది. పీక్ ఆఫ్ టైమ్‌కు (పీక్‌లో గేట్‌ను ఆపి ఉంచే సమయానికి) మీరు పెట్టిన విలువ 10 మైక్రోసెకన్లే అయి ఉంటుందని అనుకుంటున్నాను. అదే అయితే సమస్య ఎక్కడుందో మీ స్కోప్ ముప్పావు వంతు చెప్పేసినట్టే.

ఎలాగో చూడండి. గేట్లు కదులుతున్నాయి అంటే కోడ్ ర్యామ్‌లోకి సరిగ్గా చేరింది, చెక్‌సమ్ కలిసింది, కోర్లను నడవనిచ్చే 'ఫ్లాష్ ఎనేబుల్' బిట్ పడింది, కోర్ 1 నడుస్తోంది. స్టార్ట్ పిన్ కూడా దానికి అందుతోంది. ఆ గేట్ల మీద కోర్ 1కు హక్కు ఉంది కూడా. ఇవన్నీ పక్కన పెట్టేయొచ్చు. ఇక పల్సుల మధ్య దూరం సరిగ్గా ఆఫ్ టైమ్ అంత ఉందంటే, మీ స్టేట్ మెషీన్ నడవాల్సిన వరుసలోనే నడుస్తోంది. గేట్ ఆన్ చేస్తోంది, 'కరెంట్ చేరింది' అన్న జవాబు ఆ క్షణంలోనే వస్తోంది, ఆఫ్ చేసి 10 మైక్రోసెకన్లు ఆగుతోంది, మళ్లీ ఆన్ చేస్తోంది. అంటే కంపారేటర్ (కరెంట్‌ను మీరు పెట్టిన హద్దుతో పోల్చే సర్క్యూట్) ఎప్పుడూ 'చేరింది' అనే చెబుతోంది. బూస్ట్ ఫేజ్ కూడా ఇలాగే మొదలవగానే ముగిసిపోయి ఉంటుంది, అది మీ కంటికి చిక్కి ఉండదు.

కరెంట్ లేకుండా కంపారేటర్ ఎందుకు అలా అంటుంది? ఇక్కడ కొంచెం లెక్క చూడాలి. సెన్స్ రెసిస్టర్ మీది వోల్టేజ్‌ను ఆంప్లిఫయర్ పెంచి, దానికి 250 మిల్లీవోల్టుల బయాస్ కలుపుతుంది. రెండో వైపు 8 బిట్ల డాక్ (అంకెను వోల్టేజ్‌గా మార్చి ఆ హద్దును ఇచ్చేది), ఒక్కో మెట్టు 9.77 మిల్లీవోల్టులు. మీరు 8.68 గెయిన్ (ఆంప్లిఫయర్ అన్ని రెట్లు పెంచుతుంది) వాడుతుంటే, 10 ఆంపియర్లకు రెసిస్టర్ మీద 0.1 వోల్టు వస్తుంది. గెయిన్‌తో 0.868, బయాస్ కలిపితే 1.118 వోల్టులు. డాక్ విలువ 114 కావాలి. 4 ఆంపియర్ల హోల్డ్‌కు 61. ఇప్పుడు కరెంట్ సున్నా అనుకోండి. బయాస్ ఒక్కటే 250 మిల్లీవోల్టులు ఉంది కదా, అది డాక్ లెక్కలో దాదాపు 26. కాబట్టి డాక్‌లో 26 కన్నా తక్కువ ఏది ఉన్నా, కాయిల్‌లో ఒక్క మిల్లీఆంపియర్ లేకపోయినా 'చేరింది' అనే వస్తుంది. కరెంట్ కొలిచే మీ రెండో బ్లాక్ డాక్‌లో సున్నానో, సున్నాకు దగ్గరి విలువో కూర్చుని ఉందని నా గట్టి అనుమానం.

కోడ్‌లో 114 లోడ్ చేస్తున్నారు కదా, మరి సున్నా ఎందుకు? ఈ చిప్‌లో గేట్ల మీద హక్కు వేరు, కరెంట్ కొలిచే బ్లాకుల మీద హక్కు వేరు. రెండింటికీ వేర్వేరు కాన్ఫిగరేషన్ రిజిస్టర్లున్నాయి. అవుట్‌పుట్ యాక్సెస్ రిజిస్టర్‌లో కోర్ 1కు దాని గేట్లు ఇచ్చారు. కరెంట్ బ్లాక్ యాక్సెస్ రిజిస్టర్‌లో రెండో బ్లాక్‌ను కోర్ 1కు ఇచ్చారా? ఇవ్వకపోతే కోర్ పంపిన డాక్ విలువ, గెయిన్ రెండూ బ్లాక్‌కు చేరవు. ఎర్రర్ ఏమీ రాదు, కోడ్ ముందుకు సాగిపోతుంది.

తేల్చుకోవడానికి ఒక దారి. ఆంప్లిఫయర్ అవుట్‌పుట్‌ను ఓఏ పిన్ మీదికి తెప్పించే ఏర్పాటు ఉంది. రెండో బ్లాక్‌ను అక్కడికి తెప్పించి ప్రోబ్ పెట్టండి. కదలకుండా 250 మిల్లీవోల్టుల దగ్గర ఉంటే సెన్స్ రెసిస్టర్ నుంచి ఆంప్లిఫయర్ దాకా అంతా బాగున్నట్టే. తేడా డాక్ వైపే.

వాల్వ్‌బెంచ్:

గేట్‌వైపు గారూ, పీక్ ఆఫ్ టైమ్ 10 మైక్రోసెకన్లే. ఓఏ పిన్ మీద 0.25 వోల్టు గీతలా కదలకుండా ఉంది. కరెంట్ బ్లాక్ యాక్సెస్‌లో మొదటి బ్లాక్‌కు, బూస్ట్ కన్వర్టర్ బ్లాక్‌కు మాత్రమే బిట్లు ఉన్నాయి. రెండో బ్లాక్ బిట్ పెట్టగానే వాల్వ్ టక్కున తెరుచుకుంది! చాలా చాలా థాంక్స్ అండీ.

ఒక సందేహం మిగిలింది. కాపీ చేసిన కోడ్‌లో డాక్ పేరు మార్చలేదు. ఒకటో బ్యాంక్‌కు రాసిన పేరే ఉంది. అయినా రెండో బ్లాక్‌కు ఎలా వెళ్తోంది?

గేట్‌వైపు:

చాలా సంతోషం. ఆ పేరు ఒక స్థిరమైన బ్లాక్‌ది కాదు. 'ఇదే ఛానెల్, ఇదే కోర్' అని దాని అర్థం. కోర్ 0 నుంచి చూస్తే మొదటి బ్లాక్, కోర్ 1 నుంచి చూస్తే రెండోది. పక్క కోర్ బ్లాక్‌ను అడగాలంటే దానికి వేరే పేరుంది. ఒకే కోడ్‌ను రెండు కోర్లు నడపడానికి వీలుగా ఇలా పెట్టారు. ఒకే ఛానెల్‌లోని రెండు కోర్లూ ఒకే కోడ్ ర్యామ్ నుంచి చదువుతాయి కాబట్టి మీరు కాపీ చేయాల్సిన పని కూడా లేదు. ఎంట్రీ పాయింట్ దగ్గర ఏ గేట్లు ఎవరివో షార్ట్‌కట్లు (గేట్లకు కోర్ వాడే మారుపేర్లు) నిర్వచించి, మిగతా బూస్ట్, పీక్, హోల్డ్ అంతా ఒకే చోట రాసుకోవచ్చు. ఛానెల్‌కు సుమారు వెయ్యి లైన్ల కోడ్ ర్యామే ఉంది. రేపు డయాగ్నస్టిక్స్ కలిపినప్పుడు ఆ చోటు అవసరమవుతుంది.

డేటా ర్యామ్ విషయంలో మాత్రం జాగ్రత్త. ఛానెల్‌కు 64 పదాలు, రెండు కోర్లకూ కలిపి. కరెంట్ విలువలు, టైమ్‌లు ఇద్దరూ చదువుకుంటే ఇబ్బంది లేదు. కోర్ తిరిగి రాసే ప్రతి దానికీ, అంటే కొలిచిన బూస్ట్ సమయం లాంటి వాటికి, కోర్‌కు ఒకటి చొప్పున విడివిడి చిరునామాలు కేటాయించండి.

నేను ఈ చిప్‌తో ఏ పని మొదలుపెట్టినా ముందు అసెంబ్లర్ తెరవను. ఒక పెద్ద కాగితం మీద నాలుగు కోర్లను నిలువు వరుసలుగా గీసి, ఐదు హైసైడ్ గేట్లు, ఏడు లోసైడ్ గేట్లు (కాయిల్ కింది కొనను గ్రౌండ్‌కు కలిపే స్విచ్‌లవి), కరెంట్ బ్లాకులు, స్టార్ట్ పిన్నులు, ఫ్లాగులు (కోర్లు ఒకదానికొకటి ఇచ్చుకునే ఒక బిట్ సంకేతాలు), డేటా ర్యామ్ చిరునామాలు ఒక్కొక్కటి ఎవరి పెత్తనంలో ఉంటాయో రాస్తాను. ఒక గడిలో ఇద్దరి పేర్లు వచ్చాయంటే అక్కడ ఆగి ఆలోచిస్తాను. ఎవరి పేరూ లేని గడి కనబడితే అది మీకు ఇప్పుడు ఎదురైన సమస్యే. ఈ చిప్‌లో కోడ్ చిన్నది, కొద్ది కాలంలో చేతికి వస్తుంది. పెత్తనం తేలకపోతే మాత్రం ఎంత మంచి కోడ్ అయినా నడవదు. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట నేర్పేది ఈ కాగితమే.

టైమర్‌ప్రియ:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇంత కష్టం ఎందుకు అని నాకు నిజంగానే అనుమానం. మామూలు గేట్ డ్రైవర్లు పెట్టి, మైక్రోకంట్రోలర్‌లో టైమర్లు, కంపారేటర్లు వాడితే సరిపోదా? అందరికీ తెలిసిన సీ భాషలో రాసుకోవచ్చు. ఈ అసెంబ్లీ, ఎన్‌క్రిప్ట్ చేసిన కోడ్, ప్రతిసారీ ఎస్‌పీఐ (మైక్రోకంట్రోలర్‌కూ చిప్‌కూ మధ్య సీరియల్ లింకు) ద్వారా లోడ్ చేయడం ఇవన్నీ తప్పుతాయి.

గేట్‌వైపు:

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. రిలేలు, దీపాలు, నెమ్మదిగా కదిలే వాల్వులు, ఒకటో రెండో కాయిల్స్ అయితే మీరన్నదే మంచి దారి. అలాంటి పనికి ఈ చిప్ వాడమని నేను ఎవరికీ చెప్పను.

ఇక్కడ లెక్క వేరు. 65 వోల్టులు, 0.15 మిల్లీహెన్రీ. మొదట్లో కరెంట్ మైక్రోసెకనుకు 0.43 ఆంపియర్ చొప్పున ఎక్కుతుంది. 10 ఆంపియర్లు చేరడానికి సుమారు 24 మైక్రోసెకన్లు. అదే 12 వోల్టులతో అయితే దాదాపు 160. బూస్ట్ పెట్టేదే ఆ తేడా కోసం. ఇప్పుడు మీ ఇంటరప్ట్ ఒక మైక్రోసెకను ఆలస్యమైతే 0.4 ఆంపియర్ పైకి దాటుతుంది. ఆ ఆలస్యం ప్రతిసారీ ఒకేలా ఉంటే సరిదిద్దుకోవచ్చు, కానీ కమ్యూనికేషన్ ఇంటరప్ట్ అడ్డొచ్చినప్పుడు ఒకలా, రానప్పుడు ఒకలా ఉంటుంది. ఇంజెక్టర్ నాలుగు సార్లు తెరుచుకుంటే నాలుగు సార్లూ వేర్వేరు మోతాదు పడుతుంది.

ఈ చిప్‌లో కోర్ మామూలుగా 6 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, అంటే ఒక్కో అడుగు 167 నానోసెకన్లు. వేగం చూస్తే ఇది పెద్ద గొప్పేమీ కాదు. దీని బలం వెయిట్ టేబుల్‌లో ఉంది. ఐదు వరుసల పట్టిక అది. 'స్టార్ట్ పడిపోతే ఇటు వెళ్లు, కరెంట్ చేరితే అటు వెళ్లు, కౌంటర్ ముగిస్తే ఇంకో చోటికి వెళ్లు' అని ముందే రాసిపెట్టి, వెయిట్ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర కోర్ నిలబడుతుంది. ఏది ముందు జరిగితే అటు దూకుతుంది. అడ్డొచ్చే వేరే పని దానికి ఉండదు. కాయిల్‌కు కావలసింది ఆ ఒక్క చోటా కళ్లు తిప్పకుండా చూసేవాడే.

మీరు చెప్పిన ఇబ్బందులు మాత్రం నిజం. కోడ్ ఉండేది ర్యామ్‌లో, పవర్ పోతే పోతుంది. ప్రతిసారీ మైక్రోకంట్రోలర్ మళ్లీ ఎక్కించాలి. అసెంబ్లర్ ఎన్‌క్రిప్ట్ చేసి ఇస్తుంది కాబట్టి బైనరీలో ఒక సంఖ్య మార్చి చూద్దామంటే కుదరదు. అందుకే మారే విలువలన్నీ డేటా ర్యామ్‌లో ఉంచుకోవాలి. అవి ఎస్‌పీఐ నుంచి నేరుగా మార్చుకోవచ్చు.

వాల్వ్‌బెంచ్:

ఇప్పుడు రెండు బ్యాంకులూ విడివిడిగా బాగున్నాయి. రెండూ ఒకదాని మీద ఒకటి పడేలా స్టార్ట్ ఇచ్చినప్పుడు కొత్త సంగతి కనబడింది. వెనక మొదలైన బ్యాంక్ బూస్ట్ సమయం 24 నుంచి 32 మైక్రోసెకన్ల దాకా పెరుగుతోంది. వరుసగా పల్సులు దగ్గర దగ్గరగా ఇస్తే కొన్నిసార్లు ఇంకా పెరుగుతోంది. బూస్ట్ కెపాసిటర్ 22 మైక్రోఫారడ్లు. బూస్ట్ జరుగుతున్నంత సేపూ ఫ్లాగ్ ద్వారా కన్వర్టర్ కోర్‌ను ఆపుతున్నాను. దీన్ని కోడ్‌తో సరిచేయవచ్చా?

గేట్‌వైపు:

దీని మూలం కెపాసిటర్‌లో ఉంది, కోడ్‌తో కొంతవరకే సాయం చేయగలం.

ఒక కాయిల్‌ను 10 ఆంపియర్లకు తీసుకెళ్లాలంటే అందులో నిలిచే శక్తి 7.5 మిల్లీజౌల్స్. 22 మైక్రోఫారడ్లలో 65 వోల్టుల దగ్గర ఉన్నది మొత్తం 46. నష్టాలు ఏవీ లేవనుకున్నా మొదటి కాయిల్ తర్వాత 59.5 వోల్టులకు, రెండోదాని తర్వాత 53.5కు దిగుతుంది. వైండింగ్ వేడి, కాయిల్ లోపలి ఇనుములో పుట్టే ఎడ్డీ కరెంట్ల నష్టం కలిపితే 50 దగ్గరికి వచ్చేస్తుంది. 50 వోల్టులతో మీ కాయిల్ 10 ఆంపియర్లకు చేరడానికి 32 మైక్రోసెకన్లు పడుతుంది. మీరు చూసిన సంఖ్య అదే. 100 మైక్రోఫారడ్లు పెడితే ఇవే రెండు కాయిల్స్‌కు 62.6 వోల్టుల దాకానే దిగుతుంది. ఈఎస్‌ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) తక్కువ ఉన్నది, రిపుల్ కరెంట్ తట్టుకునేది చూసి తీసుకోండి.

కోడ్‌లో రెండు మార్పులు చేయండి. బూస్ట్ ఫేజ్ నుంచి బయటపడడానికి ఇప్పుడు మీకు రెండే దారులు ఉన్నాయనుకుంటాను: కరెంట్ చేరడం, స్టార్ట్ పడిపోవడం. మూడో వరుసగా ఒక కౌంటర్ పెట్టండి. 60 మైక్రోసెకన్లు అనుకుంటే 6 మెగాహెర్ట్జ్ దగ్గర 360. ఆ లోగా కరెంట్ చేరకపోతే గేట్లన్నీ ఆపి, స్టేటస్ రిజిస్టర్‌లో ఒక బిట్ పెట్టి ముగించాలి. కాయిల్ వైరు ఊడిపోయిన రోజున ఇది మిమ్మల్ని కాపాడుతుంది. లేకపోతే స్టార్ట్ ఉన్నంత సేపూ బూస్ట్ గేట్ తెరిచే ఉంటుంది.

రెండోది ఫ్లాగ్. రెండు బ్యాంకులూ ఒకే ఫ్లాగ్‌తో కన్వర్టర్‌ను ఆపుతున్నాయా? అయితే ఆ గడిలో ఇద్దరి పేర్లు వచ్చాయి. బ్యాంక్‌కు ఒక ఫ్లాగ్ ఇచ్చి, కన్వర్టర్ కోర్‌ను రెండూ చూసుకోమనండి. అప్పుడు స్కోప్‌లో ఎవరు ఎంత సేపు ఆపారో విడివిడిగా కనబడుతుంది. వరుసగా దగ్గర పల్సులు ఇచ్చినప్పుడు సమయం ఇంకా పెరగడానికి కారణం కూడా అక్కడే దొరుకుతుంది. బూస్ట్ ఎంత సాగితే కన్వర్టర్ అంత సేపు ఆగుతుంది, ఆగినంత మేరా కెపాసిటర్ నిండదు, నిండకపోతే తర్వాతి బూస్ట్ ఇంకా సాగుతుంది.

పీక్ తర్వాత బైపాస్‌లో (కరెంట్‌ను హోల్డ్ దాకా దించే దశలో) హైసైడ్, లోసైడ్ రెండూ ఆపుతున్నారా? లోసైడ్ మాస్‌ఫెట్ డ్రెయిన్ నుంచి బూస్ట్ వైపు డయోడ్ ఉంటే కాయిల్‌లో మిగిలిన శక్తిలో కొంత కెపాసిటర్‌కు తిరిగి వస్తుంది. ఆ డయోడ్ ఉందో లేదో బోర్డు మీద చూడండి.

బోర్డుతయారీ:

పెద్ద కెపాసిటర్ పెట్టేముందు ఒక మాట చెప్పాలనిపించింది. 100 మైక్రోఫారడ్లు, 65 వోల్టులు అంటే 0.2 జౌల్ పైనే. పవర్ తీసేసినా అది అలాగే నిలిచి ఉంటుంది. మీద పడిన స్క్రూడ్రైవర్ పోవడం చిన్న నష్టం, ప్రోబ్ గ్రౌండ్ జారి మొత్తం చిప్ పోవడం పెద్ద నష్టం. దాని మీద ఒక బ్లీడర్ రెసిస్టర్ (ఛార్జ్‌ను మెల్లగా ఖాళీ చేసేది) శాశ్వతంగా పెట్టండి. చేయి పెట్టేముందు మీటర్‌తో చూసి పెట్టండి. కొత్త కోడ్ ఎక్కించిన ప్రతిసారీ మొదట బూస్ట్‌ను 65కు బదులు 20 వోల్టుల దగ్గర ఉంచి, ఇంజెక్టర్ స్థానంలో అంతే విలువ ఉన్న ఇండక్టర్‌తో నడిపితే తప్పు దొరికినా ఏదీ కాలదు.

వాల్వ్‌బెంచ్:

బ్లీడర్ పెట్టాను, మంచి సలహా. 100 మైక్రోఫారడ్లతో రెండు బ్యాంకులు కలిసినా బూస్ట్ సమయం 24, 25 మధ్యే ఉంటోంది. ఫ్లాగులు వేరు చేశాను. టైమ్‌అవుట్ కూడా పెట్టి, కావాలనే ఒక కాయిల్ వైరు తీసి చూశాను. గేట్లు 60 మైక్రోసెకన్ల దగ్గర ఆగాయి, స్టేటస్ బిట్ వచ్చింది. డయోడ్లు బోర్డు మీద ఉన్నాయి.

గేట్‌వైపు గారూ, మీరు చెప్పిన కాగితం గీశాను. గీస్తుంటేనే ఇంకొకటి బయటపడింది. రెండు స్టార్ట్ పిన్నులు రెండు కోర్లకూ కేటాయించి ఉన్నాయి. అవి విడదీశాను. ఇక ఆటోమేటిక్ డయాగ్నస్టిక్స్ మొదలుపెట్టవచ్చా?

గేట్‌వైపు:

మొదలుపెట్టండి, అయితే ఒక్కో గేట్‌కు విడిగా. ముందు లోసైడ్ డ్రెయిన్-సోర్స్ వోల్టేజ్ ఒక్కటే చూడండి. గేట్‌కు ఆన్ చెప్పిన క్షణంలో డ్రెయిన్ ఇంకా పైనే ఉంటుంది, మాస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకునే దాకా ఆ కంపారేటర్ మాట నమ్మకూడదు. అందుకే బ్లాంకింగ్ సమయం పెట్టే వీలుంది. మీ మాస్‌ఫెట్ ఎంతసేపట్లో తెరుచుకుంటుందో స్కోప్‌లో కొలిచి, దానికి కొంత కలిపి పెట్టండి. డేటాషీట్‌లోని సంఖ్య పెట్టొద్దు, మీ గేట్ రెసిస్టర్ దాన్ని మార్చేస్తుంది. బ్లాంకింగ్ తక్కువైతే మంచి కాయిల్‌కు కూడా ఫాల్ట్ వస్తుంది. ఎక్కువైతే నిజమైన షార్ట్ వచ్చినప్పుడు అంతసేపూ మాస్‌ఫెట్ భరించాలి.

ఖాళీగా ఉన్నప్పుడు చేసే పరీక్షకు బయాస్ (ఆంప్లిఫయర్‌లోని 250 మిల్లీవోల్టులది కాదు, కాయిల్ కొనలను ఒక వోల్టేజ్ దగ్గర నిలిపేది) ఆన్ చేయడం మరవకండి. అది లేకపోతే హైసైడ్ సోర్స్, లోసైడ్ డ్రెయిన్ గాలిలో తేలుతూ ఉంటాయి, కంపారేటర్ చెప్పేదానికి అర్థం ఉండదు. ఫాల్ట్ వస్తే కోర్ ఇంటరప్ట్ రొటీన్‌కు దూకుతుంది. ఆ రొటీన్‌లో మొదటి లైన్ ఆ బ్యాంక్ గేట్లన్నీ ఆపేదే అయి ఉండాలి. కారణం రాసుకోవడం, మైక్రోకంట్రోలర్‌కు చెప్పడం అన్నీ ఆ తర్వాతే.

మొదటి ఫాల్ట్ స్కోప్ బొమ్మ వచ్చాక ఇక్కడ పెట్టండి, బ్లాంకింగ్ విలువ కలిసి చూద్దాం.